గమ్మునోము

ఆ రోజు ప్రసన్నకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. చీకటితోనే లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసిపెట్టి, స్కూటీ మీద స్వర్ణముఖి ఒడ్డుకు పోయి, జక్కవల్ని చూసి, ఉప్మాకు రవ్వ వేయించే వేళకు ఇల్లు చేరాలి. ఎవరికీ అడ్డం లేని పని. ఎవరికీ చెప్పుకోవాల్సిన అవసరం కూడా లేని పని. కానీ తిరుపతిలో, అందునా కొర్లగుంటలో, అరవై దాటిన ఆడమనిషి కోడికూతకు ముందే స్కూటీ తీస్తే ఆ చప్పుడుకు నాలుగిళ్ల కిటికీలు తెరుచుకుంటాయి.

ఆమె ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూల్లో తెలుగు చెప్పింది. జక్కవలంటే చక్రవాక పక్షులని, పగలంతా జంటగా తిరిగి రాత్రయితే విడిపోయి ఏటికి చెరో ఒడ్డున కూర్చుని ఏడుస్తాయని పిల్లలకు చెప్పింది. పరీక్షల్లో అడిగింది. రాయనివాళ్లకు సున్నా వేసింది. కవులు జక్కవల్ని ఇంకో ఉపమానానికి వాడుకున్న పద్యాలు వచ్చినప్పుడు మాత్రం గొంతు సవరించుకుని తరువాతి పద్యానికి పోయేది. ఇంత చేసినా జక్కవ ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. నెమలిలాగా ఉంటుందేమోనని కొన్నాళ్లు, అసలు ఉండనే ఉండదేమోనని కొన్నాళ్లు అనుకుని, రిటైరైపోయింది.

ఆ మాఘమాసంలో తిరుపతి పక్కనే ఎర్రమిట్ట అనే ఊళ్లో చుట్టాల గృహప్రవేశానికి వెళ్లింది. ఊరి వెనకే స్వర్ణముఖి ఏరు. భోజనాల బంతి లేవడానికి ఇంకా వేళ ఉందని అటు నడిస్తే, నీళ్ల నడుమ ఇసుకతిన్నె మీద రెండు పెద్ద బాతులు నిలబడి ఉన్నాయి. ఒళ్లంతా కాల్చిన ఇటుక రంగు, తల మాత్రం వెన్న రంగు. ఒకటి మెడ సాచి 'ఆంగ్' అంది. రెండోది దానికి జవాబు చెప్పింది. ఫోన్లో తీసిన మసక ఫోటోను తమ్ముడి కొడుకు బాలాజీకి పంపింది. పక్షులంటే పడిచచ్చే ఆ కుర్రవాడు వెంటనే, అవి చక్రవాకాలేనని, హిమాలయాల అవతల నుంచి చలికాలం దిగివస్తాయని, ఎండలు ముదరగానే తిరిగిపోతాయని రాశాడు. ఆ పూట విస్తరి ముందు కూర్చుని ఏమి తిన్నదో ఆమెకే తెలియదు. ముప్ఫై ఏళ్లు తన నోట్లో నానిన మాట ఏట్లో నిలబడి ఉంది.

భర్త యోగానందకు బజారులో స్టీలు సామాన్ల అంగడి. భార్య రోజూ పొద్దున ఏటికి పోతానంటే ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నచ్చలేదు.

"బాతుల్ని చూసేదానికి అంత దూరం పోవాల్నా?" అన్నాడు.

"బాతులు కాదు. జక్కవలు."

"ఏదైతే ఏమి. పొద్దున్నే కాఫీ ఎవరిస్తారు?"

"ఫ్లాస్కులో ఉంటాది. వంచితే వస్తాది."

యోగానంద భార్య మాటకు అడ్డం చెప్పడం తక్కువ. చెప్పి గెలిచిన రోజు లేదు గనక. నలుగురూ ఏమనుకుంటారోనని మాత్రం గొణిగాడు. ఆ నలుగురికీ ఏమనుకోవాలో తోచేలోగా ఎండాకాలం వచ్చేస్తుందని, పక్షులు పోతాయని, తాను మాత్రం పోయి తీరుతానని ఆమె తేల్చి చెప్పింది.

జక్కవలు మహా అనుమానపు పక్షులు. ఎర్ర చీర కనబడితే తిన్నె దాటి పోతాయి. దగ్గినా అంతే. అందుకని ప్రసన్నకుమారి బీరువా అడుగున పడి ఉన్న మట్టిరంగు చీర తీసి, జుట్టు ముడేసుకుని, ఒడ్డున ఒక నల్లరాయి మీద కదలకుండా కూర్చునేది. బాలాజీ ఇచ్చిన పాత బైనాక్యులర్ కళ్లకు పెట్టుకునేది. నెమ్మదిగా ఆ జంటే ఆమె దగ్గరికి జరిగేది. రాత్రంతా విడిపోయి ఏడ్చిన జాడ వాటి మొహాల్లో ఏ కోశానా కనిపించలేదు. పైగా ఒకదాని మెడ కింద ఇంకోటి ముక్కు పెట్టి గోకేది. కవులకు అబద్ధాలాడే అలవాటుందని ఆమెకు తెలుసు గానీ, ఇంత పచ్చిగా ఆడతారనుకోలేదు.

ఆ నిశ్శబ్దానికి ఒక్క రవిచంద్ర అడ్డం. అతను ఎర్రమిట్టలో ఇసుక ట్రాక్టర్లు తిప్పే మనిషి. తెల్లవారేసరికి అతని ట్రాక్టర్లు ఏటి ఎగువనుంచి తిన్నెలు ఒక్కొక్కటే ఎత్తుకుంటూ కిందికి దిగుతున్నాయి. జక్కవలు పండుకునే తిన్నెను పక్షులు పోయేదాకా అయినా వదిలిపెట్టమని ఆమె వెళ్లి అడిగింది.

"ఉగాదికి ముందే ఇదీ ఎత్తేస్తాం మేడం," అన్నాడు రవిచంద్ర మర్యాదగానే. "బాతులకేమి, ఎగిరిపోతాయి కదా."

"బాతులు ఎగిరిపోతాయిలే. ఏరు యాడికి పోతాది?"

అతను నవ్వి, ట్రాక్టరు వాళ్లకు చెయ్యి ఊపాడు. ఆమె ఊరుకోలేదు. తాసిల్దారు ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమస్తా ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, ఆ పక్షులు ఏ సర్వే నంబరులో ఉంటాయని అడిగాడు. ఆమె ఇంకో ఆఫీసుకు వెళ్లింది. అక్కడ నవ్వలేదు, కూర్చోమన్నారు, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి, రేపు మళ్లా పోతానని యోగానందతో చెప్పింది. ఏటికా ఆఫీసుకా అని ఆయన అడిగాడు. రెండింటికీ అంది.

ఇలా ఉండగా ఎదురింటి వరలక్ష్మమ్మకు నిద్ర పట్టడం మానేసింది. టీచరమ్మ చీకటితో లేస్తున్నది. మాసిన రంగు చీర కట్టుకుంటున్నది. ఎవరితోనూ మాట్లాడకుండా ఏటివైపు పోతున్నది. ఎందుకక్కా అంటే జక్కవల్ని చూసేదానికి అంటున్నది. పిట్టల్ని చూడడానికి ఆడది నిద్ర పాడుచేసుకుంటుందంటే నమ్మడానికి వరలక్ష్మమ్మ నిన్నమొన్న పుట్టింది కాదు. ఆమె ఒకరోజు ఆటో మాట్లాడుకుని వెనకే బయలుదేరింది.

ఏటి ఒడ్డున దిగీ దిగకముందే "ప్రసన్నక్కా" అని కేకేసింది. జక్కవలు రెండూ ఉలిక్కిపడి మెడలెత్తాయి. ప్రసన్నకుమారి వెనక్కి తిరగలేదు. చెయ్యి ఒక్కటి పైకెత్తింది.

"గమ్మునుండు," అంది లోగొంతుకతో. "ఈడ మాట్లాడకూడదు. గమ్మున కూర్చోని నీళ్లకల్ల చూస్తా ఉండు."

వరలక్ష్మమ్మ కూర్చుంది. నీళ్లవైపు చూసింది. ఆమెకు నీళ్లు కనిపించాయి. ఎండ ఎక్కేదాకా అలాగే కూర్చుని, కాళ్లు తిమ్మిరెక్కి, ఇదేమీ సామాన్యమైన సంగతి కాదని తలచుకుంటూ ఇల్లు చేరింది.

అదే సాయంత్రం పలమనేరు నుంచి ఫోను వచ్చింది. వరలక్ష్మమ్మ కూతురు కోమలిని చూసుకుపోయి, దీపావళి నాటి నుంచి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న పెళ్లివారు, మాకు సమ్మతమే, ముహూర్తం పెట్టుకుందామన్నారు. కోమలి అప్పటికి నెల రోజులుగా ఆ అబ్బాయితో ఫోన్లో మాట్లాడుతున్నదనీ, వాళ్లిద్దరూ కలిసి అతని తల్లిని ఒప్పించారనీ వరలక్ష్మమ్మకు తెలియదు. చెప్పాలని కోమలికీ తోచలేదు. వరలక్ష్మమ్మ ఫోను కింద పెట్టి, వీధి దాటి వచ్చి, ప్రసన్నకుమారి చేతులు పట్టుకుంది.

"అది ఏమి నోమక్కా?"

"నోమూ లేదు, ఏమీ లేదు. పక్షులమ్మే. ఒట్టి పక్షులు."

వరలక్ష్మమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫలం చెప్పుకుంటే నోము చెడుతుందని ఆమెకు తెలియనిదా? అక్క ఎంత నిష్ఠగా దాస్తున్నదో చూడమని ఆ రాత్రే వీధి వీధంతా చెప్పి వచ్చింది.

మర్నాడు ముగ్గురు వచ్చారు. ఆ తరువాత ఆటో నిండా వచ్చారు. గమ్మున కూర్చుంటే చాలు, కోరింది జరుగుతుంది. ఉపవాసం అక్కరలేదు, తలస్నానం అక్కరలేదు, ఇంతకన్నా చవకైన నోము ఏ శాస్త్రంలోనూ లేదని పేరొచ్చింది. దానికి గమ్మునోము అని పేరు కూడా పడింది. గమ్మునోముకు వచ్చిన ఆడవాళ్లు చేయనిదల్లా గమ్మున ఉండడం ఒక్కటే. పసుపు తెచ్చారు, కుంకుమ తెచ్చారు, దీపాలు వెలిగించి ఆకుల్లో పెట్టి నీళ్లలోకి తోశారు. పట్టుచీరలు కట్టుకొచ్చారు. ఎవరి కోడలు ఎలాంటిదో ఒడ్డున కూర్చుని నెమ్మదిగా చెప్పుకున్నారు. జక్కవలు తిన్నె ఆ చివరికి జరిగాయి.

ప్రసన్నకుమారికి ఒళ్లు మండింది. ఒకరోజు రాయి మీద నిలబడి క్లాసు తీసుకుంది. ఇవి బాతుల జాతి పక్షులని, హిమాలయాల అవతల పెద్ద పెద్ద సరస్సుల దగ్గర గుడ్లు పెడతాయని, జంటగా ఉంటాయని, ఎండలకు తిరిగి అక్కడికే పోతాయని విడమరిచి చెప్పింది. ఆడవాళ్లందరూ చెవులొగ్గి విన్నారు. ఆమె అయిపోయిందనగానే ఒకావిడ పక్కావిడతో, కైలాసం నుంచి దంపతులు వచ్చినారంట, మానససరోవరం దగ్గర కాపురమంట అని చెప్పి కళ్లకద్దుకుంది. పది అడుగులు పోయేసరికి అది పార్వతీ పరమేశ్వరులైంది.

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఇందులో దైవం లేదు, మహిమ లేదు, నేను చెప్తున్నాను గదా, వినండి అని గట్టిగా అరిచింది. ఎంత గట్టిగా కాదంటే అంత గట్టిగా నమ్మారు. ఇంకా కొందరికి అనుమానం మిగిలి ఉండేదేమో గానీ, ఆ వారంలోనే ఇల్లు వదిలి పోయిన ఒక మొగుడు తిరిగొచ్చాడు. మొగుడూ పెళ్లాల్ని కలిపే నోము అని దాని పేరు ఇంకో మెట్టు పైకెక్కింది. ఆ మగవాడు ఎందుకు తిరిగొచ్చాడని ఎవరూ అతన్ని అడగలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఒక సాయంత్రం యోగానంద అట్టపెట్టెతో వచ్చాడు. పెట్టె నిండా అరచేతంత స్టీలు తట్టలు. మొదట ఆయన అంగట్లో తల దించుకుని కూర్చునేవాడు. మీ ఆవిడే గదా ఏట్లో నోము పట్టింది అని అడిగిన ప్రతివాడికీ, పక్షులయ్యా, పక్షులు అని చెప్పుకునేవాడు. అయితే ఆ నోముకు ఏ తట్ట వాడాలన్నా అని నలుగురైదుగురు అడిగేసరికి, కాదని పంపేయడానికి ఆయనకు వ్యాపార ధర్మం అడ్డొచ్చింది.

ప్రసన్నకుమారి ఒక తట్ట తీసి వెలుగులో పట్టుకుంది. మధ్యలో పక్షి బొమ్మ అచ్చు గుద్ది ఉంది.

"ఇది హంస," అంది.

"ఫ్యాక్టరీలో జక్కవ అచ్చు లేదన్నారు. అదీ నీళ్లలోదే కదా."

మర్నాడు పొద్దున ఆయనకు ఫలహారంగా ఆ తట్టే పెట్టింది. ఖాళీగా. ఆయన దాన్ని కాసేపు చూసి, హోటలుకు వెళ్లి ఇడ్లీ తిన్నాడు. తట్టలు మాత్రం అంగడికి చేరాయి.

ఆ ఆదివారానికి ఎర్రమిట్ట రేవు గుర్తు పట్టలేకుండా మారిపోయింది. షామియానా లేచింది. మైక్ సెట్టు అద్దెకిచ్చే మునిరామయ్య తన మైకు తానే పట్టుకుని కూర్చున్నాడు. నోమన్నాక కథ ఉండాలి, కథ లేని నోము ఉప్పు లేని పప్పు అని అతని అభిప్రాయం. అందుకని తానే ఒకటి కట్టాడు. ప్రసన్నకుమారి స్కూటీ దిగేసరికి ఆ కథ ఏటికి రెండొడ్డులా మోగుతున్నది.

"పూర్వకాలమందు తిరుపతిలో ఒక టీచరమ్మ ఉండేదంట. ఆయమ్మ మొగునికి స్టీలంగడి ఉండేదంట. ఆయమ్మ మహా పతివ్రతంట..."

టీచరమ్మ స్టాండు వేసి నిలబడి తన కథ తానే వింది. పతివ్రత అన్న మాట దగ్గర షామియానా కింద తట్టలు అమ్ముతున్న యోగానంద తలెత్తి, భార్యను చూసి, చటుక్కున పెట్టె వెనక్కి వంగాడు.

ఆమె కళ్లు తిన్నె మీదికి పోయాయి. తిన్నె ఖాళీగా ఉంది. నడుమ మాత్రం ఒక ట్రాక్టరు నిలబడి ఉంది. ఒడ్డున జనం ఎక్కువై రేవు దారి మూసుకుపోతున్నదని, ఇక ఆలస్యం చేస్తే పని సాగదని, రవిచంద్ర ఆ పొద్దే తిన్నె ఎత్తడానికి దిగాడు. ఇంకో రెండు ట్రాక్టర్లు హారన్లు కొడుతూ జనం మధ్య నుంచి దిగుతున్నాయి. పైన ఆకాశంలో రెండు పక్షులు చుట్టూ తిరుగుతున్నాయి. దిగబోతాయి, హారనుకు బెదిరి మళ్లీ లేస్తాయి. రెక్కల కింది తెలుపు ఎండకు మెరుస్తున్నది. వాటి అరుపు మునిరామయ్య మైకులో కలిసిపోయి వినబడడం లేదు.

ప్రసన్నకుమారి షామియానా కిందికి నడిచింది. మునిరామయ్య చేతిలోంచి మైకు లాక్కుంది. టీచరమ్మే స్వయంగా కథ చెప్పబోతున్నదని జనమంతా చేతులు జోడించి కూర్చున్నారు.

ఆమె చెప్పదలచుకున్నది ఒకటే. నోము లేదు, మీరంతా ఇళ్లకు పోండి. ముప్ఫై ఏళ్లు తప్పు జవాబుకు మార్కులు కోసిన మనిషి. తప్పును చూసి ఊరుకోవడం ఆమెకు చేతకాదు. "ఈడ నోము" అని మొదలుపెట్టింది కూడా. అప్పుడు ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ల మొహాలు చూసింది. నెల రోజులుగా నిజం చెప్పి చెప్పి గొంతు పోయింది. ఆఫీసులో నిజమే చెప్పింది, రవిచంద్రకు నిజమే చెప్పింది. ఎవరూ ఒక్క అక్షరం నమ్మలేదు. ఆమె నోటి నుంచి ఒక్క అబద్ధం వస్తే నమ్మడానికి మాత్రం ఇంతమంది చేతులు జోడించుకుని సిద్ధంగా ఉన్నారు. పైన జక్కవలు ఇంకో చుట్టు తిరిగాయి.

"ఈడ నోము ఎవురూ సరిగ్గా పట్టలేదు," అంది ప్రసన్నకుమారి. "అందుకే వాళ్లు కిందికి దిగకుండా ఉండారు. చూడండి."

జనమంతా ఒక్కసారి తలలెత్తారు. ఇన్నాళ్లు నోము పట్టినవాళ్లలో చాలామంది జక్కవల్ని చూడడం అదే మొదటిసారి.

ఆమె గొంతు క్లాసురూములోకి వెళ్లిపోయింది. నోముకు పేరే గమ్మునోము. గమ్మున ఉండకుండా నోమేమిటి? ఒడ్డున నోరు విప్పితే ఫలం పోతుంది. మట్టిరంగు చీరే కట్టాలి, పట్టు కడితే దోషం. ఏట్లో దీపం గానీ ఆకు గానీ ప్లాస్టిక్కు గానీ వేస్తే మహాదోషం. మైకు పెడితే పెట్టినవాడికి, విన్నవాళ్లకు కూడా దోషం. ఆ తిన్నె వాళ్లు పండుకునే చోటు. వాళ్లంతట వాళ్లు ఉత్తరానికి బయలుదేరేదాకా దాని మీద మనిషి కాలు గానీ బండి చక్రం గానీ పడకూడదు. పడితే, నోము పట్టిన వాళ్లందరి ఫలమూ ఆ బండితో పాటే పోతుంది.

ఆఖరు మాట అని, మైకు కట్టేసి, మునిరామయ్య ఒళ్లో పెట్టింది.

తరువాత ఆడవాళ్లందరూ లేచారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు, నియమం అప్పుడే అమల్లోకి వచ్చేసింది. గమ్మున నడిచి ట్రాక్టర్ల ముందు బారుగా కూర్చున్నారు. డ్రైవర్లు హారన్లు కొట్టారు. ఆడవాళ్లు నీళ్లవైపు చూస్తూ ఉన్నారు. అరిచే జనాన్ని ఎలా తోలాలో డ్రైవర్లకు తెలుసు. పలకని జనాన్ని ఏమి చేయాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

రవిచంద్ర చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "మేడం, ఇదంతా మీరు కావాలని చేస్తాండారు. నోమేంది, బాతులేంది. నేను అందరికీ చెప్పేస్తా," అన్నాడు.

"చెప్పప్పా. నేను నెల రోజుల నించి అదే చెప్తాండా," అంది ప్రసన్నకుమారి.

అతను జనం వైపు తిరిగి నోరు తెరిచాడు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ అతన్ని చూసింది. ఆమె చంద్రకాంతమ్మ, నగరి నుంచి నోముకోసమే వచ్చింది. రవిచంద్రకు స్వయానా అత్తగారు. ఆమె మాట్లాడలేదు, మాట్లాడితే ఫలం పోతుంది. వేలు నోటి మీద పెట్టుకుని, ఇంకో చేత్తో ట్రాక్టరును చూపించి, ఆ చేతినే ఊరి వైపు తిప్పింది. రవిచంద్ర తెరిచిన నోరు మూసుకున్నాడు. అల్లుడికి బుద్ధి రావాలనే ఆమె ఆ నోము పట్టిందని తరువాత తెలిసింది.

ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి రివర్సులో రేవు ఎక్కాయి. తిన్నె మీదున్నది కూడా నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. ఆ చప్పుడు ఊళ్లోకి పోయి సద్దుమణిగాక, స్వర్ణముఖిలో నీళ్లు పారే శబ్దం చాలా రోజుల తరువాత వినిపించింది. జక్కవలు ఒక చుట్టు తిరిగాయి. రెండో చుట్టుకు కాళ్లు చాపి, రెక్కలు విప్పి, తిన్నె మీద వాలాయి. వాలి ఒకదానితో ఒకటి ఏదో చెప్పుకున్నాయి.

ప్రసన్నకుమారికి పక్కన అలికిడైంది. యోగానంద. తట్టల పెట్టెకు తాడు కట్టేసి వచ్చాడు. మాట్లాడకుండా చెయ్యి చాపాడు. ఆమె బైనాక్యులర్ ఇచ్చింది. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, చాలాసేపు చూశాడు. చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"మగదానికి మెడ చుట్టూ నల్ల గీత ఉండాది," అన్నాడు, అది తానే కనిపెట్టినట్టు.

ఆ మర్నాటి నుంచి ఆయన కాఫీ ఫ్లాస్కు పట్టుకుని స్కూటీ వెనక కూర్చునేవాడు.

తరువాతి రోజుల్లో ఎర్రమిట్ట రేవును చూడడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. చూడడానికి ఏమీ లేదు. ఒడ్డు పొడుగునా మట్టిరంగు చీరల్లో ఆడవాళ్లు బొమ్మల్లాగా కూర్చుని ఉండేవాళ్లు. పిల్లలు ఏడిస్తే ఎత్తుకుని ఊళ్లోకి పోయి ఏడిపించుకుని తిరిగొచ్చేవాళ్లు. తిరుపతి అంగళ్లలో మట్టిరంగు చీరలు అయిపోయాయని చెప్పుకున్నారు. ఆఫీసులో సర్వే నంబరు అడిగిన గుమస్తా భార్య కూడా ఒక మూల కూర్చునేది. ఆయన స్కూటరు మీద దింపి, ఎవరూ చూడకుండా నమస్కారం పెట్టి పోయేవాడు. రవిచంద్ర ట్రాక్టర్లు ఊళ్లో చెట్టు కింద నిలబడి ఉండేవి. బుద్ధి వచ్చిందో లేదో గానీ, అత్తగారు నగరికి తిరిగి పోలేదు.

జక్కవలకు భయం పోయింది. నల్లరాయి దాకా ఈదుకుంటూ వచ్చేవి. బాలాజీ ఫోను చేసి, ఇంత దగ్గరి ఫోటోలు ఎలా తీశావత్తా, నీకు ఏటి ఒడ్డున దాక్కునే గుడారం ఏమైనా ఉందా అని అడిగాడు. నోము పట్టినానని ఆమె చెప్పింది. వాడు నవ్వాడు. నిజం చెప్తే నమ్మకపోవడం తమ వంశంలో కూడా ఉందని ఆమెకు అర్థమైంది.

ఉగాది ఇంకా వాకిట్లో ఉండగా ఒక పొద్దున గాలి మారింది. దక్షిణపు గాలి వెచ్చగా వీచింది. జక్కవలు ఆ రోజు మేత ముట్టలేదు. తిన్నె మీద అటూ ఇటూ నడిచాయి. ఉన్నట్టుండి మగది 'ఆంగ్' అంది. రెండూ ఒక్కసారి లేచాయి. ఎప్పటిలాగా నీళ్ల మీదుగా తక్కువ ఎత్తులో పోకుండా, ఒడ్డున కూర్చున్న వాళ్ల తలల మీదుగా పెద్ద చుట్టు తిరిగాయి. ఇంకా పైకి లేచాయి. ఉదయపు ఎండ పడి ఒళ్లంతా బంగారం అయింది. ముప్ఫై ఏళ్లు పిల్లల చేత బట్టీ పట్టించిన పద్యాల్లో ఎక్కడా లేని రంగు అది. రెండు తలలూ శేషాచలం కొండలకేసి, వాటి అవతలి ఉత్తరానికేసి తిరిగాయి.

ప్రసన్నకుమారి తన్ను తాను మరిచిపోయింది. రాయి మీద లేచి నిలబడింది. బైనాక్యులర్ చేజారి మెడలో వేలాడింది. కళ్లలో నీళ్లు, నోట్లో నవ్వు ఒక్కసారే వచ్చాయి.

"పోతాండాయి!" అని కేకపెట్టింది. "చూడండే, ఇంటికి పోతాండాయి!"

ఆ కేక ఏరు దాటి అవతలి ఒడ్డుకు తగిలి తిరిగొచ్చింది. ఒడ్డు పొడుగునా ఒక్క తల కూడా ఆకాశంలోకి లేవలేదు. అన్ని తలలూ ఆమె వైపు తిరిగాయి. అన్ని మొహాల్లోనూ జాలి.

పక్షులు కనుమరుగయ్యేదాకా వరలక్ష్మమ్మ నోరు విప్పలేదు. నోము ముగిసిందని రూఢి చేసుకున్నాక లేచి వచ్చి, ప్రసన్నకుమారి భుజం మీద చెయ్యి వేసి, చావు పలకరింపుకు వచ్చినంత మెల్లగా చెప్పింది.

"అందరం ఆఖరు దాకా ఓర్చుకున్నాం కదక్కా. నువ్వే చెడగొట్టుకుంటివి. ఏం చేస్తాం, వచ్చే ఏడు మళ్లా మొదట్నించి పట్టుకుందువులే. నేను తోడొస్తా."

ఎర్రమిట్ట రేవులో ఆ ఏడు నోము దక్కనిది ఒక్క ప్రసన్నకుమారికే.